ఆన్‌లైన్ ఎంబీఏ: ఆ సర్టిఫికెట్ రేపు ఎవరి చేతికి వెళ్తుంది?

రాత్రి పదిన్నరకు, పిల్లలు పడుకున్నాక, ఫోన్‌లో ఆన్‌లైన్ ఎంబీఏ అని వెతికి ఏదో ఒక సైట్‌లో పేరూ నంబరూ ఇస్తే చాలు. తెల్లారి ఆఫీసు క్యాబ్ ఎక్కేలోపే మూడు నాలుగు కాల్స్ వచ్చేస్తాయి. అవతలి గొంతు మర్యాదగానే ఉంటుంది, కానీ తొందరపెడుతుంది. "సార్, మీ ఎక్స్‌పీరియన్స్‌కు ఈ ప్రోగ్రామ్ కరెక్ట్‌గా సరిపోతుంది. స్కాలర్‌షిప్ ఈ రోజు వరకే. ఐదు వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి, మిగతాది ఈఎంఐలో చూసుకుందాం." ఏ యూనివర్సిటీ, ఫీజెంత, ఎన్ని స్పెషలైజేషన్లు, ఏయే కంపెనీల్లో పూర్వ విద్యార్థులున్నారు అన్నవన్నీ పది నిమిషాల్లో చెప్పేస్తారు. ఒక్క ప్రశ్న మాత్రం అటు నుంచి రాదు, చాలాసార్లు ఇటు నుంచి కూడా రాదు. రెండేళ్ల తర్వాత చేతికొచ్చే సర్టిఫికెట్‌ను ఎవరు చూస్తారు, చూసి ఏం తేలుస్తారు?

ఎంపిక మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. విజయవాడలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ఆఫీసర్, మాదాపూర్‌లో పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న టెస్ట్ లీడ్, జీడిమెట్ల ఫార్మా కంపెనీలో పనిచేస్తూ కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) ఫైలు పెట్టాలనుకుంటున్న ఉద్యోగి, ఈ ముగ్గురూ ఒకే ప్రకటన చూసి ఒకే కోర్సులో చేరారనుకుందాం. మొదటివారి సర్టిఫికెట్ బ్యాంకు సిబ్బంది విభాగానికి వెళ్తుంది. ఆ విభాగం చూసేది ఒక్కటే, డిగ్రీకి చట్టపరమైన గుర్తింపు ఉందా లేదా. రెండోవారిది ఒక మేనేజర్ ముందుకు వెళ్తుంది. ఆయన సర్టిఫికెట్‌ను సరిగ్గా చదవను కూడా చదవరు, మనిషి ఏం మాట్లాడుతున్నాడో వింటారు. మూడోవారిది విదేశీ డిగ్రీలకు సమానత లెక్కగట్టే ఏజెన్సీకి వెళ్తుంది. అక్కడ యూనివర్సిటీ పేరుకన్నా మార్కుల జాబితాలు, చదువు సాగిన పద్ధతి, యూనివర్సిటీ నుంచి నేరుగా అందాల్సిన పత్రాలు ముఖ్యం. కోర్సు ఒకటే అయినా దాని విలువ మూడు చోట్లా మూడు రకాలుగా ఉంటుంది. అందుకే "ఏ ఆన్‌లైన్ ఎంబీఏ మంచిది?" అన్న ప్రశ్నకు అందరికీ పనికొచ్చే ఒకే జవాబు దొరకదు.

గుర్తింపు సంగతి

ముందు బ్యాంకు ఆఫీసర్ లాంటివారి సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే దిద్దుకోవడం కష్టం. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు కలిపి యూనివర్సిటీల నియంత్రణ సంస్థ యూజీసీ 2020 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. గుర్తింపు ఉన్న సంస్థ ఆ నిబంధనల ప్రకారం దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఇచ్చిన డిగ్రీ, రోజూ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో బహిరంగ ప్రకటన కూడా ఇచ్చింది. ప్రకటనల్లో "యూజీసీ ఎన్‌టైటిల్డ్" అని పెద్ద అక్షరాలతో వేసుకునేది దీన్ని ఆసరా చేసుకునే.

అయితే గుర్తింపు అనేది యూనివర్సిటీకి మొత్తంగా ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదు. ఏ కోర్సుకు, ఏ పద్ధతికి, ఏ విద్యా సంవత్సరానికి అన్నది విడివిడిగా చూడాలి. యూజీసీలో ఈ వ్యవహారాలు చూసే విభాగం డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో, అందరూ డెబ్ అంటారు. దాని పోర్టల్‌లో జాబితాలు ఉంటాయి. చేరబోయే యూనివర్సిటీ పేరు దొరకగానే హమ్మయ్య అనుకుని పేజీ మూసేయకూడదు. దూరవిద్య జాబితాలో ఉందా, ఆన్‌లైన్ జాబితాలో ఉందా చూడాలి. దూరవిద్యకు అనుమతి ఉండి ఆన్‌లైన్‌కు లేని యూనివర్సిటీలు ఉంటాయి. తర్వాత ఎంబీఏ ఆ జాబితాలో ఉందా, ఉంటే ఏ పేరుతో ఉందో చూడాలి. బ్రోషర్‌లో 'ఎంబీఏ ఇన్ డేటా సైన్స్ అండ్ ఏఐ' అని ఉండి, పోర్టల్‌లో ఉత్త ఎంబీఏ మాత్రమే కనిపిస్తే, డిగ్రీ మీద ఏం ముద్రిస్తారో యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. కౌన్సెలర్ వాట్సాప్ మెసేజ్ ఇందుకు పనికిరాదు. చివరగా, చేరబోయేది జూలై విడతా, జనవరి విడతా, ఆ విడతకు అనుమతి ఉందా చూడాలి. మొత్తం పావుగంట పని. ఈ పావుగంట పెట్టకుండా లక్షన్నర కట్టేవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

2024 నుంచి దీనికి ఇంకో మెట్టు కలిసింది. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేరే విద్యార్థి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, దానితో డెబ్ ఐడీ తీసుకోవాలి. ఇది విద్యార్థికి మేలు చేసే ఏర్పాటు. అడ్మిషన్ ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది కాబట్టి, అనుమతి లేని కోర్సులో తెలియకుండా ఇరుక్కునే అవకాశం తగ్గుతుంది. "ఓటీపీ చెప్పండి సార్, మేమే క్రియేట్ చేసేస్తాం" అంటే ఒప్పుకోకుండా సొంతంగా చేసుకోవడమే మంచిది. పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే పడిందో లేదో చూసుకునేది అప్పుడే. ఇంటిపేరు ముందా వెనకా అనే తేడాకే మన వాళ్లు తర్వాత ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరుగుతారో తెలిసిందే.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. చదువు ఏ పద్ధతిలో సాగిందో, ఎప్పుడు చేరి ఎప్పుడు ముగించారో డిగ్రీ వెనకవైపు రాయాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. అంటే "సర్టిఫికెట్ మీద ఆన్‌లైన్ అని ఉండదు సార్, రెగ్యులర్‌లాగే ఉంటుంది" అని ఎవరైనా భరోసా ఇస్తే, ఆ సంస్థ మిగతా మాటల్ని కూడా అనుమానించాల్సిందే. చట్టం సమానమన్నాక దాచుకోవాల్సిన అవసరమే లేదు. దాచిపెట్టి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతేనే అసలు నష్టం.

ఇదంతా అతి జాగ్రత్త అనిపించేవారికి 2017 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు గుర్తుచేయాలి. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు ముందస్తు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. ఉద్యోగాలు చేస్తూ చదివి, వాటితో ప్రమోషన్లు కూడా తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. 2001 నుంచి 2005 మధ్య చేరినవారి డిగ్రీలను కోర్టు నిలిపివేసి, మళ్లీ పరీక్ష రాసి నెగ్గితేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవారివి రద్దు చేసింది. తప్పు చేసింది సంస్థలు, అనుమతుల విషయంలో అలసత్వం చూపింది అధికారులు. పదేళ్లకు పైగా గడిచాక దాన్ని మోసింది మాత్రం విద్యార్థులు. ఎంబీఏకు ఇంజినీరింగ్‌లాంటి నిషేధం లేదు, దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవ్వవచ్చు. కానీ అనుమతి లేని సర్టిఫికెట్ ఎన్నేళ్ల తర్వాతయినా తిరగబడుతుందన్నది ఆ కేసుతో తేలిపోయింది.

ఎడ్‌టెక్ కంపెనీల పాత్ర కూడా ఇక్కడే తేల్చుకోవాలి. డిగ్రీ కోర్సులను ఫ్రాంచైజీ పద్ధతిలో నడపడానికి వీల్లేదని యూజీసీ 2022 జనవరిలోనే హెచ్చరించింది. ప్లాట్‌ఫారమ్, టెక్నాలజీ, ప్రచారం కంపెనీవి కావచ్చు. పాఠ్యాంశాలు, బోధన, పరీక్ష, డిగ్రీ మాత్రం యూనివర్సిటీవే అయి ఉండాలి. ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి విదేశీ యూనివర్సిటీలు ఆన్‌లైన్‌లో ఇస్తున్న డిగ్రీలకు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో మరో ప్రకటన వచ్చింది. ప్రైవేటు కంపెనీలో పనిచేస్తూ, కేవలం నేర్చుకోవడానికి అలాంటి కోర్సు చేస్తానంటే అభ్యంతరం లేదు. ప్రభుత్వ ఉద్యోగం, పీహెచ్‌డీ, లెక్చరర్ పోస్టు లాంటి ఆలోచన మనసులో ఏ మూలన ఉన్నా అటు వెళ్లకూడదు.

ఐఐఎంలది వేరే దారి. అవి 2017 నాటి సొంత చట్టం కింద నడుస్తాయి, డిగ్రీలు ఇచ్చే అధికారం వాటికి ఆ చట్టంతోనే వచ్చింది. కానీ ఐఐఎం పేరుతో వచ్చే ప్రతిదీ ఎంబీఏ కాదు. ఆరు నుంచి పదకొండు నెలల్లో ముగిసే ఎగ్జిక్యూటివ్ సర్టిఫికెట్ కోర్సులు ఎన్నో ఉన్నాయి. ప్రొఫైల్‌లో పెట్టుకోవడానికి ఘనంగానే ఉంటాయి గానీ, "పోస్ట్ గ్రాడ్యుయేషన్ ఉందా?" అన్న గడిలో రాయడానికి పనికిరావు. గచ్చిబౌలిలోని ఐఎస్‌బీకి ప్రపంచవ్యాప్తంగా పేరుంది. ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా అనే మూడు అంతర్జాతీయ గుర్తింపులూ ఉన్నాయి. అయినా దాని ప్రధాన ప్రోగ్రామ్‌లో ఇచ్చేది యూనివర్సిటీ డిగ్రీ కాదు. కార్పొరేట్ కంపెనీలో అది ఏ ఎంబీఏకూ తీసిపోదు, సర్కారీ కొలువుల రూల్స్ పుస్తకంలో మాత్రం ఇబ్బంది పెట్టవచ్చు. సర్టిఫికెట్‌ను ఎవరు చూస్తారన్న ప్రశ్న ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మాదాపూర్ మేనేజర్ ఏం చూస్తాడు?

ప్రైవేటు రంగంలో లెక్క వేరు. పదేళ్ల అనుభవం ఉన్న మనిషి రెజ్యూమేలో ఎంబీఏ ఒక వరుస, అంతకు మించి కాదు. విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ ఇచ్చిన పదిహేను పేజీల నివేదికను అక్కడెవరూ తిరగేయరు. టెస్టింగ్ నుంచి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కో, డెలివరీ నుంచి ప్రీ సేల్స్‌కో మారాలనుకునే మనిషిని ఇంటర్వ్యూలో అడిగేది, "ఈ ఫీచర్ ధర ఎలా పెడతారు? దీనివల్ల కస్టమర్‌కు ఎంత మిగులుతుంది?" లాంటివే. జవాబు వస్తే కాలేజీ పేరు పెద్దగా అడ్డురాదు. జవాబు రాకపోతే ఆ పేరు పెద్దగా కాపాడదు.

అందువల్ల ఇక్కడ కోర్సును ఎంచుకోవాల్సింది చదువు నాణ్యతను బట్టి. ప్లేస్‌మెంట్ మాటను నమ్ముకుని కాదు. ఆన్‌లైన్ ఎంబీఏలో 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అంటే ఎక్కువ చోట్ల ఒక జాబ్ పోర్టల్ లాగిన్, రెజ్యూమే దిద్దే ఒకటి రెండు సెషన్లు, అప్పుడప్పుడూ వర్చువల్ జాబ్ ఫెయిర్. క్యాంపస్‌కు కంపెనీలు వచ్చి వరసగా ఇంటర్వ్యూలు చేసే పద్ధతి దాదాపు ఉండదు. బ్రోషర్‌లో కనిపించే అత్యధిక ప్యాకేజీ పక్కన ఆ ఉద్యోగికి చేరకముందే ఎంత జీతం ఉందో రాసి ఉండదు. అప్పటికే ఇరవై లక్షలు తెచ్చుకుంటున్న మనిషి కోర్సు తర్వాత ఇరవై ఆరుకు మారితే, అందులో ఎంబీఏ వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

చదువు నాణ్యత తెలుసుకోవడానికి దగ్గరి దారి ఉంది. చేరకముందే ఒక లైవ్ క్లాసులో కూర్చోనివ్వమని అడగాలి. మంచి సంస్థ ఏర్పాటు చేస్తుంది. అది కుదరకపోతే కిందటి సెమిస్టర్ అసైన్‌మెంట్ ఒకటి, ప్రశ్నపత్రం ఒకటి చూపించమనాలి. "మార్కెటింగ్ నిర్వచనం రాసి, దాని విధులు వివరించండి" అన్న తరహా ప్రశ్నలే ఉంటే అది బట్టీ చదువు. అదే ఒక చిన్న కిరాణా గొలుసు దుకాణాల మూడేళ్ల లెక్కలు ఇచ్చి, సరుకు అమ్ముడవుతున్నా చేతిలో డబ్బు ఎందుకు ఆడటం లేదో కనిపెట్టమంటే, ఆ కోర్సు ఆలోచింపజేస్తుందని అర్థం. ఒక లైవ్ క్లాసులో ఎంతమంది ఉంటారు, ప్రశ్న అడిగే వీలుందా లేక చాట్‌బాక్స్‌లో టైప్ చేసి ఎదురుచూడాలా, అసైన్‌మెంట్ దిద్ది మార్కులతో పాటు నాలుగు ముక్కల వ్యాఖ్య రాస్తారా అన్నవి కూడా అడగాలి. ఈ ప్రశ్నలకు కౌన్సెలర్ నీళ్లు నమిలితే, పాఠాలు రికార్డు చేసి పెట్టేసి వదిలేసిన కోర్సేమో అని అనుమానించాలి.

వారానికి ఎన్ని గంటలు?

ప్రకటనలన్నీ తప్పుదారి పట్టించేది ఈ విషయంలోనే. "వారానికి ఎనిమిది నుంచి పది గంటలు కేటాయిస్తే చాలు" అంటారు. జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే విద్యార్థి పెట్టాల్సిన 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుకు 120 గంటలు. సెమిస్టర్‌లో అలాంటివి ఆరుంటే 720 గంటలు. 26 వారాలకు పంచితే వారానికి దాదాపు 28 గంటలు పడుతుంది. పది గంటలతో గట్టెక్కేవాళ్లు లేరని కాదు. గట్టెక్కుతారు, కానీ మిగిలిన పద్దెనిమిది గంటల చదువును వదిలేసి గట్టెక్కుతారు.

మియాపూర్ నుంచి మాదాపూర్‌కు రోజూ తిరుగుతూ, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా అమెరికా క్లయింట్ కాల్స్‌లో ఉండే ఉద్యోగి వారం ఎలా సాగుతుందో చూస్తే ఇది అర్థమవుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మహా అయితే రోజుకు నలభై నిమిషాలు మిగులుతాయి, అదీ క్యాబ్‌లో. ఆర్గనైజేషనల్ బిహేవియర్ పాఠాన్ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేయవచ్చు. ఫైనాన్షియల్ అకౌంటింగ్, స్టాటిస్టిక్స్ అలా వింటే రావు. ఆ రెండూ కాగితం, పెన్ను, తలుపేసిన గది, ఒకే బిగిన మూడు గంటలు అడుగుతాయి. ఆ మూడు గంటలు దొరికేది శని ఆదివారాల్లో, సరిగ్గా లైవ్ క్లాసులు పెట్టేదీ అప్పుడే, బంధువుల పెళ్లిళ్లు వచ్చేదీ అప్పుడే. ప్రాజెక్ట్ రిలీజ్ ఉన్న నెలలో అదీ పోతుంది. మొదటి సెమిస్టర్ చివర్లో అకౌంట్స్ బ్యాక్‌లాగ్ పడేది ఇందుకే, తెలివితేటలు చాలక కాదు.

ఇంట్లో ఈ మాట ముందే చెప్పుకోవాలి. రెండేళ్లపాటు ఆదివారం పొద్దున పిల్లల్ని ఎవరు చూస్తారు, ఆసుపత్రి పనులూ అద్దె ఇంటి వ్యవహారాలూ ఎవరు చూసుకుంటారు అన్నది భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోకుండా ఫీజు కట్టేస్తే, ఆ టెన్షన్ ఎక్కువగా పడేది ఆడవాళ్లు. ఉద్యోగం చేస్తున్న తల్లి ఎంబీఏలో చేరితే, ఆమె చదువు గంటలు రాత్రి పదకొండు తర్వాతే మొదలయ్యే ఇళ్లు ఇంకా ఎక్కువే. ఆమె విషయంలో ఫీజు కన్నా, ర్యాంకు కన్నా, గడువులో ఎంత వెసులుబాటు ఉందన్నదే పెద్ద తేడా తెస్తుంది. ఇగ్నో ఎంబీఏను రెండేళ్లలో ముగించవచ్చు, కావాలంటే నాలుగేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. నిదానంగా చదివేవారికి ఇది వరమే. కొన్ని ప్రైవేటు కోర్సుల్లో గడువు దాటితే ప్రతి సెమిస్టర్‌కు మళ్లీ ఫీజు అడుగుతారు. బ్రోషర్‌లో కనబడదు కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

సొంత ఓపికను పరీక్షించుకోవడానికి లక్షలు పెట్టక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ స్వయం వేదికలో ఐఐఎం బెంగళూరు సహా పలు సంస్థల మేనేజ్‌మెంట్ కోర్సులు ఉన్నాయి. చదవడానికి ఫీజు లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. ఇగ్నో పాఠ్యపుస్తకాలు ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఒక అకౌంటింగ్ కోర్సు తీసుకుని, అసైన్‌మెంట్లు గడువులోపు ఇస్తూ చివరి వారం దాకా నిలబడగలిగితే ఎంబీఏకు సిద్ధమైనట్టే. ఐదో వారానికే వదిలేస్తే, రెండు లక్షల ఈఎంఐ మొదలవకముందే ఆ సంగతి తెలిసింది కదా!

దూరవిద్య అంటే చిన్నచూపు ఇంకా పోలేదు. నిజానికి దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది హైదరాబాద్‌లోనే, 1982లో. ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దానికి తొలి వైస్ ఛాన్స్‌లర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి, 1985లో ఇగ్నో ఏర్పడినప్పుడు దానికీ తొలి వైస్ ఛాన్స్‌లర్ అయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన గుమస్తాలు, కండక్టర్లు, గృహిణులు డిగ్రీలు తెచ్చుకున్నది ఆ దారిలోనే. ఇగ్నో ఎంబీఏ ఫీజు మొత్తం కలిపినా లక్ష దాటదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో రీజనల్ సెంటర్లున్నాయి. మెరిసే యాప్ ఉండదు, ఫోన్ చేసి గుర్తుచేసే మెంటర్ ఉండరు, పుస్తకంతో ఒంటరిగా కుస్తీ పట్టాలి. ప్రమోషన్ రూల్ కోసం పీజీ కావాల్సిన ప్రభుత్వ ఉద్యోగికి ఇంతకన్నా ఖర్చు పెట్టాల్సిన కారణం కనిపించదు. చేరేముందు డిపార్ట్‌మెంట్ అనుమతి తీసుకోవడం మాత్రం మరిచిపోకూడదు. రాష్ట్ర యూనివర్సిటీల దూరవిద్యా కేంద్రాలు తమ రాష్ట్ర పరిధి దాటకూడదన్న నిబంధన ఉంది, ఆన్‌లైన్ కోర్సులకు ఆ హద్దు లేదు. బదిలీల మీద తిరిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ర్యాంకులను ఎంతవరకు నమ్మాలి?

కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే నిర్ఫ్ మేనేజ్‌మెంట్ ర్యాంకులు క్యాంపస్ కోర్సులను, అక్కడి అధ్యాపకులను, పరిశోధనను చూసి ఇచ్చేవి. అదే సంస్థ ఆన్‌లైన్ కోర్సు ఎలా ఉంటుందో అవి చెప్పవు. నాక్‌లో నాలుగుకు 3.01 నుంచి ఏ, 3.26 నుంచి ఏ ప్లస్, 3.51 నుంచి ఏ డబుల్ ప్లస్. ఇది సంస్థ మొత్తానికి ఇచ్చే గ్రేడు, ఆన్‌లైన్ తరగతికి ఇచ్చింది కాదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాకు చెందిన ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచం నడిచిందన్న ఆరోపణపై సీబీఐ నాక్ తనిఖీ బృందం సభ్యులను అరెస్టు చేసింది. గ్రేడులన్నీ అబద్ధమని దీనర్థం కాదు, గ్రేడు ఒక్కటే చూసి డబ్బు కట్టకూడదని మాత్రం అర్థం.

అమెరికాలో ఇంతకన్నా పెద్ద ఉదాహరణే ఉంది. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ ఆన్‌లైన్ ఎంబీఏ వరసగా నాలుగేళ్లు దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకుంది. చేరినవాళ్లందరూ జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాశారని ర్యాంకులిచ్చే పత్రికకు చెప్పింది. నిజానికి రాసింది దాదాపు ఐదో వంతు మందే. 2018లో బండారం బయటపడింది. అప్పటి డీన్ మోషే పోరాట్ మీద నేరం రుజువై, 2022లో 14 నెలల జైలుశిక్ష పడింది. ఆ ర్యాంకు చూసి చేరిన విద్యార్థులు మాత్రం అప్పటికే ఫీజులు కట్టేశారు.

డబ్బు లెక్క చిన్నదే గానీ మెలిక ఉంది. ప్రైవేటు యూనివర్సిటీల ఆన్‌లైన్ ఎంబీఏలు ఎక్కువగా లక్షన్నర, రెండు లక్షల దగ్గర తిరుగుతాయి. ఐఐఎం డిగ్రీ ప్రోగ్రాముల్లో రెండంకెల లక్షలకు చేరేవి ఉన్నాయి. రెండు లక్షలను 24 నెలలకు పంచితే నెలకు ఎనిమిది వేల పైచిలుకు. 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నప్పుడు ఆ అప్పు సాధారణంగా ఒక ఫైనాన్స్ కంపెనీ విద్యార్థి పేరు మీద ఇస్తుంది, యూనివర్సిటీకి డబ్బు ముందే వెళ్లిపోతుంది. రెండో సెమిస్టర్‌లో చదువు ఆపేసినా ఈఎంఐ ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు ఇంటి లోన్ దగ్గర అది అడ్డొస్తుంది. సెక్షన్ 80ఈ కింద వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందని ఊరిస్తారు. అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే, అదీ అప్పు ఇచ్చింది బ్యాంకో ప్రభుత్వం నోటిఫై చేసిన ఆర్థిక సంస్థో అయితేనే. కంపెనీయే ఫీజు తిరిగి ఇచ్చే పథకం ఉందేమో హెచ్ఆర్‌ను అడగడం వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. అది ఉంటే తర్వాత ఎన్నాళ్లు అక్కడే పనిచేయాలన్న బాండ్ కూడా ఉండొచ్చు.

కొందరి విషయంలో సరైన సమాధానం ఎంబీఏ కాకపోవచ్చు. బ్యాంకు ఉద్యోగులకు జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు నెగ్గితే ఇంక్రిమెంట్లు వస్తాయి. ఫీజు వేలల్లో, సిలబస్ చేసే పనికి దగ్గర. ఆ రెండూ పూర్తి చేయకుండా రెండు లక్షల ఎంబీఏ వైపు చూడటం తొందరపాటు. పరిచయాల కోసమే ఎంబీఏ అనుకునేవారు కూడా ఒకసారి ఆగాలి. నాలుగు రోజులైనా క్యాంపస్‌లో కలిసి ఉండే ఏర్పాటున్న కోర్సులోనే స్నేహాలు నిలుస్తాయి. మూడు వేల మంది ఉన్న టెలిగ్రామ్ గ్రూపులో నడిచేది అసైన్‌మెంట్ జవాబుల బదిలీ మాత్రమే.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న తెలుగువాళ్లకు ఆన్‌లైన్ ఎంబీఏ బాగా కుదురుతుంది. ఆ వీసాతో పనిచేస్తూ పార్ట్ టైమ్ చదువుకోవచ్చు. కంపెనీ ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఇచ్చే చదువు సాయానికి పన్ను పడదు. ఇల్లినాయ్ యూనివర్సిటీ 2016లో కోర్సెరాతో కలిసి మొదలుపెట్టిన ఐఎంబీఏ ఫీజు 25 వేల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. దానికొచ్చిన ఆదరణ చూసి ఆ సంస్థ 2019లో తన క్యాంపస్ ఎంబీఏనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇండియాలో ఉండి, "ఆన్‌లైన్ అమెరికా ఎంబీఏ చేస్తే వీసా, తర్వాత ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) వస్తాయి" అనుకునేవారు మాత్రం పొరబడుతున్నారు. పూర్తి ఆన్‌లైన్ కోర్సుకు ఎఫ్1 అనే విద్యార్థి వీసా ఇవ్వరు, కాబట్టి ఓపీటీ ప్రసక్తే లేదు. కెనడా పీఆర్ కోసం చదివేవారు, డిగ్రీల సమానత తేల్చే డబ్ల్యూఈఎస్ లాంటి ఏజెన్సీ తాము ఎంచుకున్న యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీని ఎలా లెక్కగడుతుందో, యూనివర్సిటీ పత్రాలను నేరుగా పంపుతుందో లేదో చేరకముందే కనుక్కోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే రెండేళ్లు తిరిగి రావు.

ఇక ఆ ఫోన్ కాల్ సంగతి. ఈ రోజే చివరి తేదీ అన్న మాటకు గుండె దడ పెంచుకోనక్కర్లేదు. ఆన్‌లైన్, దూరవిద్య అడ్మిషన్లు ఏడాదికి రెండుసార్లు, జూలై ఆగస్టుల్లో ఒకసారి, జనవరి ఫిబ్రవరిల్లో ఒకసారి జరుగుతాయి. పోర్టల్ చూసుకోవడానికీ, ఒక క్లాసు విని రావడానికీ, ఇంట్లో మాట్లాడుకోవడానికీ వారం పది రోజులు పడితే పట్టనివ్వండి. జూలై విడత దాటిపోతే జనవరి విడత ఉంటుంది.